ఆ ఒక్క లైను రాసిన డాక్టరు గారు నాకు ఫోన్ చేయాలి

కర్నూలు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న ఐదో ఉత్తరం. ముందు నాలుగింటికీ మీ కంప్యూటరే జవాబిచ్చింది: "మీ ఫిర్యాదు అందింది, మీ ఓపికకు ధన్యవాదాలు." నా దగ్గర లేని వస్తువుకు ధన్యవాదాలెందుకు? ఈసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, కనీసం కవరు చింపడానికైనా ఒక మనిషి కావాలి కదా అని.

2015 నుంచి మీ ఆరోగ్య బీమా పాలసీ కడుతున్నాను. కరోనాలో జిరాక్స్ షాపు మూతపడి, ఇంట్లో సరుకులకు తడుముకుంటున్నప్పుడు కూడా ప్రీమియం ఆపలేదు. ఇన్నేళ్ళలో ఒక్క రూపాయి క్లెయిం అడగలేదు. మీ ఏజెంటు ప్రతి జనవరిలో క్యాలెండర్ తెచ్చి, "అన్నా, మీలాంటి కస్టమర్లు పది మంది ఉంటే చాలన్నా" అనేవాడు. ఇప్పుడు నా నెంబరు కనబడితే అతని ఫోను స్విచ్ఛాఫ్ అవుతోంది.

మా ఇంటావిడకు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. పది రోజులకు అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు మెట్ల మీద చెప్పు జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో ఇంట్లోకొచ్చింది. నాలుగో రోజుకు లేచి నిలబడలేకపోయింది. ఇక్కడి న్యూరాలజిస్టు మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు, కాలు కదల్లేదు. చేతులూ అంతే. తర్వాత "ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమ్మా" అన్నారు. మా షాపులో కాగితాల కట్టలు లెక్కపెట్టేది ఆమే, గుక్క తిప్పుకోకుండా యాభై దాకా పోతుంది. ఆ ఉదయం 31 దగ్గర ఆగింది. సాయంత్రం 18. ఆయన ఇంకేమీ అనలేదు, నర్సు వైపు తిరిగి ఐసీయూలో బెడ్ చూడమన్నారు.

గులియన్ బారే సిండ్రోమ్. ఒంట్లో మనల్ని కాపాడాల్సిన వ్యవస్థే నరాల మీద తిరగబడే జబ్బు. దీనికి దారులు రెండేనని ఆయన చెప్పారు. ఒకటి రక్తంలోని ప్లాస్మా మార్చడం, రెండోది ఇమ్యూనోగ్లోబులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, ఎక్కించడం. ఫలితం రెండింటికీ ఇంచుమించు ఒకటే. ప్లాస్మా మిషన్ ఆ ఆసుపత్రిలో లేదు. ఊపిరి పడిపోతున్న మనిషిని రెండు వందల కిలోమీటర్ల పైన ఉన్న హైదరాబాదుకు రాత్రిపూట తిప్పడం ప్రమాదమని ఇంజెక్షన్ మొదలుపెట్టారు. 60 కిలోల బరువుకు రోజుకు 24 గ్రాముల చొప్పున ఐదు రోజులు.

ఇక మీ ఘనకార్యం. క్యాష్‌లెస్, అంటే ఆసుపత్రి బిల్లు నేరుగా మీరే కట్టమని, అడిగితే గంటలో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మీకు చెప్పింది. మీకు మూడు రోజులు పట్టింది. అప్పటికి నేను బంగారం కుదువ పెట్టి వచ్చాను. మూడో రోజు కాదంటూ వచ్చిన మెయిల్లో ఒకే లైను: "వెన్ను నీటి పరీక్ష నార్మల్, జబ్బు నిర్ధారణ కాలేదు, ముందుగా స్టెరాయిడ్ వాడి చూడలేదు."

న్యూరాలజిస్టు గారు ఓపీ మధ్యలో కూర్చుని జవాబు రాసిచ్చారు. మొదటి వారంలో వెన్ను నీటిలో ప్రోటీన్ పెరగకపోవచ్చని, నరాల టెస్టు కూడా మామూలుగా రావచ్చని, అప్పుడు మనిషిని పరీక్షించి చూసిందే ఆధారమని రాశారు. స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే ఈ జబ్బుకు పనిచేయదని కూడా రాశారు. రిపోర్టు మారేదాకా ఆగి ఉంటే ఆ ఆగిన రోజులకు వెంటిలేటర్ బిల్లు వచ్చేది. అదైతే మీరు ఇచ్చేవారేమో!

ఆ ఉత్తరం చేతికొచ్చాక మొదలైంది నా కష్టం. టోల్‌ఫ్రీలో మొదటి అమ్మాయి "కాళ్ళు పడిపోయాయి" అంటే "ఎక్కడ పడ్డారు సార్, ఎఫ్ఐఆర్ కాపీ ఉందా?" అంది. పుణెలో కేసులొచ్చినప్పుడు పేపర్ల నిండా ఈ జబ్బే కదమ్మా అంటే "సార్, మీ పాలసీ పుణెలో తీసుకున్నారా?" అని అడిగింది. రెండో అతను పది నిమిషాలు హిందీలో మాట్లాడి, చివర్లో "తెలుగు కోసం రెండు నొక్కండి" అని పెట్టేశాడు. మూడో అతను మర్యాదస్థుడు, ప్రతి వాక్యానికీ "మీ బాధ నాకర్థమైంది సార్" అన్నాడు. ఏమర్థమైందో చెప్పమంటే హోల్డ్‌లో పెట్టాడు. పాట ఇరవై నిమిషాలు విన్నాను, నాకిప్పుడు నోటికొచ్చు.

కర్నూలు బ్రాంచికి మూడుసార్లు వచ్చాను. క్లెయింలతో తమకు సంబంధం లేదట, అన్నీ పైన చూస్తారట. పై వాళ్ళు మెయిల్ పెట్టమన్నారు. మెయిల్ పెడితే డాక్టరు గారి సీలు స్పష్టంగా లేదన్నారు. అయ్యా, నేను 22 ఏళ్ళుగా జిరాక్స్ తీసి బతుకుతున్నాను. సీలు స్పష్టంగా లేదని ఇన్నేళ్ళలో నాతో అన్న మొదటి మనిషి మీ కంపెనీలోనే ఉన్నాడు. మళ్ళీ తీసి పంపితే, ఫైలు క్లోజ్ అయింది కాబట్టి కొత్తగా అప్లై చేయమన్నారు. చేశాను. అదే లైను, కామాతో సహా, మళ్ళీ వచ్చింది. డాక్టరు గారి జవాబు మీ మెడికల్ టీంలో ఎవరూ తెరవలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

నాలుగు లక్షల ముప్పై వేలు నాకు చిన్న మొత్తం కాదు, అది ఇవ్వాల్సిందే. కానీ దానికన్నా ముందు ఆ లైను రాసిన డాక్టరు గారు నాకు ఫోన్ చేయాలి. ఆమె మోకాలి మీద సుత్తి పెట్టకుండా, గుక్కలో లెక్క ఎంత దగ్గర ఆగిందో అడగకుండా, జబ్బు లేదని ఎలా తేల్చారో చెప్పాలి. ఆయన న్యూరాలజిస్టో, ఇంకేం చదివారో కూడా చెప్పాలి. క్లెయిం కాదనే ముందు మీ రివ్యూ కమిటీ చూడాలి కదా, చూసిందా? చూస్తే సంతకాలెవరివి?

మొదటి ఫిర్యాదుకు నెల దాటింది. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాదులో ఉంది, దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. ఆ ఫారం నింపి షాపు కౌంటర్ మీదే పెట్టాను. అక్కడ కాకపోతే కన్జ్యూమర్ కమిషన్. అదీ కాకపోతే మీ ఉత్తరాలన్నీ ఎన్‌లార్జ్ చేసి షాపు ముందు అంటిస్తాను, కాగితం ఖర్చు నాదే.

ఫోన్ మధ్యాహ్నం రెండు తర్వాత చేయండి. అంతకుముందు ఫిజియోథెరపీ ఉంటుంది, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది.

ఇట్లు,
మీ పాలసీదారు

తా.క.: డాక్టరు గారి ఉత్తరం మరో మూడు కాపీలు జత చేశాను. సీలు స్పష్టంగానే ఉంది.