ముందు బెర్ములు పూడ్చండి, తర్వాత సైకిల్ టూరిజం

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సెలవుల్లో సైకిల్ యాత్రల మీద రెండు పేజీల కథనం వేశారు. విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు ఒకటి, అరకు ఘాట్ రోడ్డు ఒకటి. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను. చల్లారేలా లేదు కాబట్టి ఇక రాసేస్తున్నాను.

ఫొటోలకు వంక పెట్టను. కొండల మీద మబ్బు, పచ్చటి వలిసె పూలు, హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న కుర్రాడు, అంతా బాగుంది. కానీ ఆ కుర్రాడు తొక్కుతున్నది తెల్లగీతకు లోపల, లారీలు పోయే చోట. గీతకు అవతల వాడికి చోటేదీ? తారు అంచు జానెడు ఎత్తున తెగి ఉంది, దాని పక్కన బెర్ము, అంటే తారును ఆనుకుని ఉండే మట్టి అంచు, కుంగిపోయి కంకర తేలి ఉంది. ఇదంతా మీరు వేసిన ఫొటోలోనే కనిపిస్తోంది. వెనకనుంచి బస్సు హారన్ కొడితే కారువాడికి పోయేదేం లేదు. సైకిల్ వాడు ఆ జానెడు దిగితే హ్యాండిల్ తిరిగి పడతాడు, దిగకపోతే బస్సు కిందికి పోతాడు. రెండు పేజీల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు. తాగడానికి కొబ్బరినీళ్లు ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాశారు.

ఇక ‘విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు, ఒక్క రోజు సరదా ప్రయాణం’ అన్నది. ఎవరికి సరదా? మాది ఎస్.కోట. ఆదివారం పొద్దున్న మా ఊరి మీదుగా కొండెక్కే కుర్రాళ్లను చూస్తూనే ఉంటాం, సాయంత్రం ఆటోల్లో సైకిళ్లు వేసుకుని దిగేవాళ్లనూ చూస్తుంటాం. బొడ్డవర దాకా పర్వాలేదు. ఆ తర్వాత పట్టుకున్న ఎక్కుడు టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ వ్యూపాయింట్ దాకా వదలదు. అక్కణ్ణుంచి సుంకరిమెట్ట కాఫీ తోటల్లోంచి అరకు వైపు దిగుడు. అంటే తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న అరకు చేరాలంటే ముందు అంతకు మించిన ఎత్తు ఎక్కి దిగాలన్నమాట. బ్రెవే అని గడువు పెట్టుకుని తొక్కే దూరపు సైకిల్ యాత్రలుంటాయి, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కే ఆ బ్రెవే వాళ్లకు ఇదో లెక్క కాదు. సెలవులకని పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరే మనిషికి చెప్పాల్సిన మాటేనా ఇది?

పోనీ, ఆ రెండు రూట్లనూ కలిపే సంగతి ఒకటుంది, అదైనా రాశారా అంటే అదీ లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలిసేది గోస్తనీ. ఆ నది వెంబడి దిగిరావడం కన్నా మంచి సైకిల్ దారి ఉత్తరాంధ్రలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. రైల్లో సైకిల్ వేసుకుని అరకు వెళ్లి, ఓ రాత్రి ఉండి, మర్నాడు ఘాట్ దిగి మా ఊళ్లో పడుకుని, ఆ మర్నాడు తాటిపూడి చూసుకుని 1794లో విజయనగరం రాజుకూ ఇంగ్లీషువాళ్లకూ యుద్ధం జరిగిన పద్మనాభం మీదుగా భీమిలి చేరొచ్చు. ఊళ్ల మధ్య రోడ్లు, చెరువు గట్లు, తాటి చెట్లు, లారీల గోల తక్కువ. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి, 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. అక్కణ్ణుంచి విశాఖకు బీచ్ రోడ్డు పట్టుకుంటే దార్లోనే ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట రాతి తోరణం, తొట్లకొండ, రుషికొండ. ఎర్రమట్టి దిబ్బలను భూవారసత్వ స్థలమని 2014లో కేంద్ర భూగర్భ సర్వే సంస్థ గుర్తించింది. మనవాళ్లు దాన్ని చిప్స్ ప్యాకెట్లు పారేసే స్థలంగా గుర్తించారు.

బీచ్ రోడ్డు గురించి కూడా ఓ మాట. సముద్రపు గాలికి ఇసుక వచ్చి రోడ్డు ఎడమ అంచున పేరుకుంటుంది. సన్న టైరు దాని మీద పడితే జారుతుంది. ఇది ప్రకృతి చేసే పని, ఎవర్నీ తిట్టడానికి లేదు. కానీ ఊడ్చే బండ్లు ఎవరైనా పెద్దమనిషి వచ్చే ముందు రోజే తిరుగుతాయెందుకో! ఆ పెద్దమనుషులు నెలకోసారి వస్తే మా పని సులువయ్యేది.

రైల్లో వేసుకుని అన్నాను కదా, అదెంత తేలికో కూడా చెప్పాలి. ఫలానా స్టేషనని రాయను. పార్సిల్ కౌంటర్లో సైకిల్ బుక్ చేయబోతే ‘మోటారు సైకిలా?’ అన్నాడు. ‘కాదు బాబూ, తొక్కేది’ అన్నాను. తలెత్తకుండా ‘రేపు రండి’ అన్నాడు. మోటారు సైకిలైతే పెట్రోలు ఖాళీ చేయించాలి, గోనెపట్టా చుట్టాలి, పని ఉంటుంది. తొక్కేదానికి రేపెందుకో నాకిప్పటికీ తెలీదు. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు తొలిచిన దేశం మనది, బ్రేక్ వ్యానులో ఒక సైకిల్ నిలబెట్టడానికి కిందామీదా పడుతోంది. టూరిస్టుల కోసం వేసిన అద్దాల పెట్టెలు మాత్రం 2017 నుంచీ తిరుగుతున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, కాదనను.

బస్సూ అంతే. నా చిన్నతనంలో ఎర్రబస్సు వెనక నిచ్చెన ఉండేది. అర్ధరూపాయి చేతిలో పెడితే క్లీనరు సైకిల్ని టాపెక్కించి, పెడల్ పక్కోడి బియ్యం బస్తాలో దిగకుండా తాడు బిగించేవాడు. ఇప్పుడు టాపూ లేదు, నిచ్చెనా లేదు. డిక్కీలో వేద్దామంటే అక్కడ ఎవరివో కొరియర్ మూటలు. ఆ రోజుల్లో సైకిల్‌కి మున్సిపాలిటీ పన్ను కట్టించుకుని బిళ్ల ఇచ్చేది, రాత్రిపూట దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు. తిట్టుకునేవాళ్లం గానీ, సైకిల్ అనేది రోడ్డు మీద తిరిగే బండే అన్న సంగతి సర్కారుకు గుర్తుండేది. ఇప్పుడు పన్నూ లేదు, గుర్తూ లేదు.

గుర్తొచ్చేది ఏడాదికి ఒక్కరోజు, జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో టోపీలు, టీషర్టులు పంచి జెండా ఊపుతారు. ముందు వరసలో ఉన్నాయన వంద గజాలు తొక్కి కారెక్కుతాడు. అట్లాస్ సైకిల్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతబడింది కూడా 2020లో సరిగ్గా ఆ రోజే. ఆ వార్త మీ పత్రికలో వచ్చే ఉంటుంది, లోపలి పేజీలో.

సైకిల్ షాపుల సంగతి కూడా ఆ కథనంలో రాయాల్సింది. కుర్రాళ్లు తెచ్చే సైకిళ్లకు సన్నటి వాల్వు ఉంటుంది. మా ఊళ్లో పంపు దానికి ఎక్కదు. మధ్యలో చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి బిగిస్తే ఎక్కుతుంది. అది లేక కుర్రాళ్లు గంటలకొద్దీ రోడ్డు పక్కన కూర్చోవడం చూశాను. మా షాపతను చివరికి తనే విశాఖ నుంచి రెండు తెప్పించి మేకుకు తగిలించాడు. టూరిజం కోసం ఈ దారిలో ఎవరైనా పనికొచ్చే ఖర్చు పెట్టారంటే నేనెరిగినంతలో అతనే.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల ట్రాకు కట్టారు. దాన్ని తప్పుపట్టను. కానీ అది చూసినప్పట్నుంచీ మన అధికారులకు సైకిల్ అనగానే కోట్ల ప్రాజెక్టు, ప్రజెంటేషను తప్ప ఇంకేం తోచడం లేదు. ఘాట్లో సోలార్ కప్పు ఎవరడిగారు? రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి విస్తరణకు ఎలాగూ తారు పోస్తున్నారు. ఇంజినీర్లు పేవ్డ్ షోల్డర్ అంటారే, గీతకు అవతల ఆ మీటరు, మీటరున్నర తారు తెగకుండా చూసి, బెర్ము మట్టి దానికి సమంగా పోసి రోలరు తొక్కించమనండి. వానలు తగ్గాక ఏటా ఒకసారి పూడ్చమనండి. స్పీడు బ్రేకర్ల పేరుతో వరసగా వేసే ఆ గీతల గుట్టలను అంచు దాకా లాగకుండా రెండడుగులు వదలమనండి. ఇరుకు ఘాట్లో దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలని నిబంధన ఎప్పట్నుంచో ఉంది. ఆ ముక్క ఒక బోర్డు మీద రాసి బొడ్డవర దగ్గర పాతమనండి, సైకిలూ బండేనని పక్కన బ్రాకెట్లో వేసి.

మీరూ ఒక పని చేయండి. ఈసారి రూటు వేసినప్పుడు ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో, మంచినీళ్లెక్కడో, పంక్చరు వేసేవాడెక్కడో వేయండి. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకూడదనీ, రిమ్ము కాలి ట్యూబు పేలుతుందనీ, పట్టి వదిలి పట్టి వదిలి దిగాలనీ రాయండి. శీతాకాలం అనంతగిరిలో పొద్దున్న ఎనిమిదైనా పొగమంచు విడదని, ఎర్ర దీపం తప్పనిసరని రాయండి. చోటు చాలకపోతే ఫొటో సగం తగ్గించండి, ఏం ఫర్లేదు.

– మీ పాత పాఠకుడు,
శృంగవరపుకోట, విజయనగరం జిల్లా