నెమ్మదస్తులకూ రక్తపరీక్ష కావాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో స్వభావాన్ని బట్టి కొలెస్ట్రాల్ అంచనా వేసుకోమంటూ ఒక ప్రశ్నావళి ఇచ్చారు. కోపిష్ఠులకు ఎక్కువ మార్కులు, అంటే ఎక్కువ ప్రమాదం. నెమ్మదస్తులు నిశ్చింతగా ఉండవచ్చని చివర రాశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా వ్యాపారుల పద్దులు చూశాను. నాకు ముక్కుమీద కోపం. మార్చి నెలాఖరులో మా పిల్లలు నా గది వైపు వచ్చేవారు కాదు. మా అక్క అలా కాదు. ఎవరు ఎంత మాట అన్నా ఆమె గొంతు పెరగదు. మూడేళ్ల క్రితం మా ఇద్దరికీ ఒకేరోజు పరగడుపున రక్తం తీశారు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ నాది 108, అక్కది 236. చీటీలు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేయించాం. దాదాపు అవే అంకెలు వచ్చాయి.

డాక్టరుగారు అక్క మడమ వెనక స్నాయువు కొలెస్ట్రాల్ పేరుకుని లావెక్కి ఉండడం చూసి, మా నాన్న గురించి అడిగారు. నాన్న నలభై ఏడో ఏట పొలం గట్టు మీద గుండె పట్టుకుని కూలిపోయారు. 'అంత శాంతమూర్తికి గుండెజబ్బా!' అని ఊరంతా ఆశ్చర్యపోయింది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం లోపలికి లాగే గ్రాహకాలు కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఆ గ్రాహకాల గుట్టు విప్పినందుకే అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. ఈ లోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. నేను తప్పించుకున్నాను, అక్కకు వచ్చింది.

మనసుకూ కొలెస్ట్రాల్‌కూ సంబంధమే లేదని నేను అనను. శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ 1957లో నలభై మంది అకౌంటెంట్ల రక్తాన్ని నెలల తరబడి పరీక్షించారు. పన్ను గడువు దగ్గరపడి పని నెత్తిన పడ్డప్పుడు కొలెస్ట్రాల్ పెరిగింది. గడువు దాటాక తగ్గింది. తిండిలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. నా మార్చి నెలలన్నీ గుర్తొచ్చి ఆ సంగతి రెండుసార్లు చదివాను. కానీ అది పని ఒత్తిడి మాట. ఆ ఇద్దరే 1959లో తొందరపాటు మనుషులకు 'టైప్ ఎ' అని పేరు పెట్టి, వాళ్లకు గుండెజబ్బు ఎక్కువని వాదించారు. తర్వాతి పరిశోధనలు ఆ వాదాన్ని అంతగా బలపరచలేదు. 1988లో వచ్చిన ఒక అధ్యయనంలోనైతే, అప్పటికే గుండెజబ్బు ఉన్నవారిలో టైప్ ఎ వాళ్లే తక్కువగా చనిపోయారు.

అక్క కొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లు. అచ్చం తల్లి పోలిక, తల్లి నెమ్మది. ఈ నెలలో రక్తపరీక్ష చేయించుకుంటానని నాకు మాట ఇచ్చాడు. ఆదివారం మీ ప్రశ్నావళి నింపి, తక్కువ మార్కులు వచ్చాయని, ఇక తొందరేమీ లేదని తల్లికి ఫోను చేశాడు. మీ పత్రిక మాట నమ్మి ఆగిపోయాడు. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. దాన్ని కత్తిరించి నేనే వాడికి పంపుతాను.

— ఒక విశ్రాంత అకౌంటెంటు, తెనాలి