గేటు బయట నిలబెట్టడం క్రమశిక్షణా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో, ఉదయం తొమ్మిది కొట్టగానే గేటు మూసేసే ఒక స్కూలు గురించి తెగ మెచ్చుకుంటూ రాశారు. పక్కన ఫొటో కూడా వేశారు. గేటు లోపల వరసలు కట్టి నిలబడ్డ పిల్లలు, బయట బ్యాగులు మోసుకుంటూ ఇంకో పదిహేను మంది. మీ విలేకరికి లోపలివాళ్లే కనిపించినట్టున్నారు. నాకు బయటివాళ్లు కనిపించారు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ఈలోగా మా మనవరాలి స్కూల్లో కూడా ఈ గేటు భాగోతం మొదలైంది. మీ వార్త చూసే మొదలుపెట్టారో ఏమో చెప్పలేను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్ల పైచిలుకు బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి బయల్దేరింది అని రాయడమే నా ఉద్యోగం. టైము విలువ గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. లేటుగా తెచ్చిన డ్రైవర్లని నేను నానా మాటలూ అన్నాను. కానీ బస్సు లేటయిందని అందులో కూర్చున్న ప్రయాణికుల్ని బస్టాండు బయట నిలబెట్టాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. అంత చదువు మేం చదువుకోలేదు మరి.

మా మనవరాలు ఐదో తరగతి. తొమ్మిది మందితో కలిసి ఆటోలో వెళ్తుంది. అందులో ఒకడికి బూటు దొరకదు, ఇంకొకరికి జడ పూర్తికాదు, ఇంకొక ఇంట్లో వాళ్ల నాన్న అప్పుడే హోంవర్క్ నోట్సు మీద సంతకం పెడుతుంటాడు. ఆటో అన్ని గుమ్మాల ముందూ హారన్ కొట్టుకుంటూ వెళ్లాలి. ఆ సోమవారం మా పిల్ల నీళ్ల బాటిల్ మర్చిపోతే ఇచ్చి వద్దామని నేను స్కూటీ మీద వెనకాలే వెళ్లాను. ఆటో గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఆరు. అప్పటికే గొళ్లెం పడింది. వాచ్‌మన్‌ని అడిగితే, ‘నన్నేం చెయ్యమంటారు సార్, తీస్తే నా ఉద్యోగం పోద్ది’ అన్నాడు. అతని తప్పేమీ లేదు.

లోపల మైకులో ప్రతిజ్ఞ మొదలైంది. ఈ పిల్లలు బయట రోడ్డు మీదే చేతులు చాచి నిలబడి, ఊచల్లోంచి లోపలికి చూస్తూ చెప్పారు. చెప్పమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. తల్లిదండ్రుల్ని, గురువుల్ని, పెద్దల్ని గౌరవిస్తామని గేటు బయట నుంచుని ప్రమాణం చేశారండీ! సరిగ్గా అప్పుడే స్కూలు బస్సు వచ్చింది. తొమ్మిదీ పన్నెండు. నా వాచీ తప్పు చూపించదు, ఉద్యోగమంతా దాన్ని నమ్ముకునే చేశాను. వాచ్‌మన్ గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు. బస్సు లోపలికి వెళ్లింది. దాని వెనకే దూరబోయిన ఒక బుడ్డోణ్ణి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి మళ్లీ గొళ్లెం పెట్టాడు. పన్నెండు నిమిషాలు లేటైన పిల్లలు లోపల, ఆరు నిమిషాలు లేటైన వాళ్లు బయట. తేడా ఏమిటంటే వాళ్లు బస్సు ఫీజు కట్టారు.

తొమ్మిదీ నలభైకి పక్క గేటు తీసి, డైరీల్లో ఎర్ర సిరాతో ‘లేట్’ అని రాసి పంపారు. మూడు లేట్లు అయితే ఒక ఆబ్సెంట్ అట. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ, నేనూ ఒక లెక్క కట్టాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. అంటే రోజుకి నాలుగు గంటలు. మా పిల్ల ఏడాది పొడుగునా ప్రతిరోజూ ఆరు నిమిషాలు లేటుగా వెళ్లినా పోయేది 1,200 నిమిషాలు, అంటే 20 గంటలు, అంటే ఐదు రోజుల చదువు. అది తక్కువని నేననను. అదే ఈ స్కూలు లెక్కలో 66 ఆబ్సెంట్లు! పిల్ల చదువు పోతోందని బాధపడేవాళ్లు ఆరు నిమిషాలు పోయిందని ఇంకో ముప్ఫై నాలుగు నిమిషాలు వాళ్లే పోగొట్టడం ఎక్కడి న్యాయం?

ఇంకో సంగతి. ఆ చట్టాన్ని మా అబ్బాయి ఫోన్లో తీసి ఇస్తే ఓపిగ్గా చదివాను. 2009 నాటి చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. స్కూలుకు క్రమం తప్పకుండా, టైముకు రావాలని అందులో 24వ సెక్షన్లో రాసి ఉంది. ఎవరు రావాలని? టీచర్లు! పిల్లల హాజరు ఎలా ఉందో తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడాల్సిన బాధ్యత కూడా అదే సెక్షన్లో టీచర్ల మీదే పెట్టారు. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని 17వ సెక్షన్. పిల్లని బళ్లో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదని 10వ సెక్షన్. ఎంత వెతికినా పిల్లని గేటు బయట నిలబెట్టమని ఎక్కడా లేదు.

అలాగని తల్లిదండ్రుల్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. రాత్రి పన్నెండు దాకా ఇంటిల్లిపాదీ తలో ఫోనూ పట్టుకుని కూర్చుంటారు. పొద్దున్నే పిల్ల లేవలేదని పిల్లనే తిడతారు. పెళ్లి ఉంటే నాలుగు రోజులు స్కూలు మాన్పించి, ‘మేడమ్, పాపకు జ్వరం’ అని మెసేజ్ పెడతారు. ఆ సాయంత్రమే అదే పాప పట్టుపావడాతో స్టేటస్‌లో కనిపిస్తుంది. మేడమ్ గారికి కళ్లు లేవనుకుంటారు కాబోలు. మా ఇంట్లో మాత్రం ఇలా జరగదని నేను చెప్పలేను. మా కోడలు ఈ ఉత్తరం చదువుతుంది కాబట్టి ఇంతకంటే రాయను. రేపు పై తరగతుల్లో 75 శాతం హాజరు అన్నప్పుడు కూడా ఇదే తంతు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ తెస్తారు. ఇంటర్‌లో కొంతమేర హాజరు తగ్గినా కండోనేషన్ ఫీజు కడితే సరిపోతుంది. డబ్బు కడితే రాని రోజులు వచ్చినట్టేనన్న పాఠం మన పిల్లలకి అందరికంటే ముందు మనమే నేర్పుతున్నాం.

ఇక పెద్దల టైము సంగతి. మొన్న తల్లిదండ్రుల సమావేశం పది గంటలకన్నారు. మళ్లీ గేటు మూస్తారేమోనన్న టెన్షన్‌తో తొమ్మిదీ ముప్పావుకే వెళ్లి కూర్చున్నాను. ముఖ్య అతిథి, ఒక అధికారి, పదకొండున్నరకు దిగారు. ఆయనకి గేటు మూయలేదు సరికదా, బొకే పట్టుకుని గంటన్నర ఎండలో నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లల చేత స్వాగతం చెప్పించారు. ఆయన మైకు పట్టుకుని ఏం మాట్లాడారో ఊహించగలరా? సమయపాలన గురించే. మాట్లాడింది నలభై నిమిషాలు. నా పక్కన కూర్చున్నాయన కూలి పని మానుకుని వచ్చాడు. క్లాస్ టీచరుతో మాట్లాడకుండానే లేచి వెళ్లిపోయాడు.

టీచర్ల మీద నాకు కోపం లేదు, కొంచెం జాలి కూడా ఉంది. బోధనేతర పనులకు సంబంధించి జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప ఇంకే పనికీ టీచర్లని పంపకూడదని అదే చట్టం 27వ సెక్షన్. కానీ పొద్దున్నే ఫోన్లో హాజరు యాప్ తెరిచి, ఫొటో దిగి, సిగ్నల్ కోసం వరండా అంతా తిరుగుతూ హాజరు ఎక్కించుకునేసరికే సగం పీరియడ్ అయిపోతుందని మా ఎదురింటి మాస్టారు ఒకటే గొణుగుడు. పోనీ ఆ యాప్ ఎందుకు పెట్టారంటే, కొందరు మాస్టార్లు బళ్లకు వెళ్లకుండానే జీతాలు తీసుకున్నారు కాబట్టి. ఎవరి పుణ్యం వాళ్లదే.

ఇంటర్ పరీక్షలకు నిమిషం ఆలస్యమైతే రానివ్వమనే నిబంధన పిల్లల్ని ఏళ్ల తరబడి ఎలా ఏడిపించిందో మీ పత్రికే ఏటా ఫొటోలు వేసింది. తెలంగాణలో 2024లో దానికి ఐదు నిమిషాలు సడలింపు ఇచ్చారు. పబ్లిక్ పరీక్షకే ఐదు నిమిషాలు ఆగగలిగినప్పుడు, ఐదో తరగతి పిల్లకి పది నిమిషాలు ఆగితే ఏం మునిగిపోతుంది? రానిచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టండి. వారంలో రెండుసార్లు లేటయితే వాళ్లమ్మకో నాన్నకో ఫోన్ చెయ్యండి. ఆటో అయితే ఆటో అతన్ని పిలిచి అడగండి. ఇవేవీ కష్టమైన పనులు కావు, కానీ గొళ్లెం పెట్టడం వీటికంటే తేలిక.

మా రోజుల్లో బస్సు లేటయితే షీటులో టైము పక్కన కారణం కూడా రాసేవాళ్లం. టైరు పంక్చరా, రైల్వే గేటు పడిందా, డ్రైవర్ టీ దగ్గర ఆగిపోయాడా అని. కారణం రాస్తేనే ఎవర్ని అడగాలో తెలిసేది. మా పిల్ల డైరీలో ‘లేట్’ పక్కన అలాంటి గడి లేదు. అందుకని నా సంతకం పక్కన చిన్న అక్షరాలతో ‘ఆటో’ అని రాసి పంపాను. మర్నాడు దాని కిందే ఎర్ర సిరాతో జవాబు వచ్చింది: డైరీలో అనవసరమైన రాతలు రాయరాదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్టాండు కంట్రోలర్