సదస్సుకు వెళ్ళే ముందు

అమ్మలూ,

ఐఏబీఎస్ (అంతర్జాతీయ బౌద్ధ అధ్యయన సంఘం) సదస్సులో నీ పేపర్ తీసుకున్నారన్న మెసేజ్ చూసి మీ అమ్మా నేనూ ఎంత సంబరపడ్డామో వేరే చెప్పక్కర్లేదు. కానీ దాని కిందే "నెట్‌వర్కింగ్ అంటేనే టెన్షన్‌గా ఉంది నాన్నా, నాకు కలుపుగోలుతనం తక్కువ" అని రాశావు. ఈ ఉత్తరం దాని గురించే.

పాళీ, సంస్కృతం, టిబెటన్, ప్రాచీన చైనీస్ నాలుగూ ఒకే మనిషికి గట్టిగా రావడం చాలా అరుదు. వచ్చినా, వాటి మీద జరిగిన పరిశోధన సగం జపనీస్‌లో, ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో ఉంటుంది. అందుకే బౌద్ధ అధ్యయనంలో నలుగురినీ అడగక తప్పదు. నువ్వు కుస్తీ పడుతున్న వసుబంధుడి బౌద్ధ తత్వ గ్రంథం, అభిధర్మకోశ భాష్యాన్నే చూడు. 1923లో బెల్జియం పండితుడు లా వలే పూసే ఫ్రెంచ్ అనువాదం వెలువడటం మొదలయ్యేనాటికి మూలం సంస్కృత ప్రతి దొరకనే లేదు. హుయాన్‌త్సాంగ్ చైనీస్ అనువాదం, టిబెటన్ అనువాదం, దాని మీద యశోమిత్రుడు సంస్కృతంలో రాసిన వ్యాఖ్య ముందు పెట్టుకుని ఆయన నెట్టుకొచ్చాడు. 1930లలో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్ మఠాలు తిరిగి తాటాకు ప్రతుల ఫొటోలు తెచ్చారు. వాటి ఆధారంగా ప్రహ్లాద్ ప్రధాన్ పరిష్కరించిన పాఠం పట్నాలో అచ్చయ్యేసరికి 1967 వచ్చింది. ఇప్పుడు నువ్వు ల్యాప్‌టాప్‌లో ఒక పదం కొడితే క్షణంలో దొరుకుతోందంటే ఇంతమంది చేతులు పడ్డాయన్నమాట.

కాబట్టి పెద్ద ప్రొఫెసర్ల చుట్టూ తిరగాలేమోనని బెంగపడకు. అక్కడ చాలామంది ముందు మెడలో బ్యాడ్జి మీద యూనివర్సిటీ పేరు చూసి, ఆ తర్వాతే మొహం చూస్తారు. చూడనీ. నీ దగ్గర ఒక మంచి సందేహం ఉంటే అది చాలు. "మీ పుస్తకం చాలా బాగుందండీ" అని చెబితే నవ్వి వెళ్ళిపోతారు. "ఫలానా తాటాకు ప్రతిలో, ఫలానా ఆకు మీద మూడో పంక్తిలో ఈ అక్షరం ఇలా చదివాను, చైనీస్ అనువాదంతో కుదరడం లేదు, మీరేమంటారు?" అని అడుగు. కాఫీ చల్లారిపోతున్నా అక్కడే నిలబడి మాట్లాడతారు. ఈమెయిలూ అంతే. నాలుగు లైన్లు, ఒకే ప్రశ్న, నీ ఊహ ఏమిటో కూడా రాయి. "మీ దగ్గరున్న మెటీరియల్ పంపగలరు" అన్న ఉత్తరాలకు జవాబు రాకపోతే తప్పు వాళ్ళది కాదు.

నీ హ్యాండౌట్ మీద మాత్రం మనసు పెట్టు. సంస్కృతం, టిబెటన్, చైనీస్ పక్కపక్కనే మూడు వరుసల్లో, ప్రతిలోని ఆకుల నంబర్లతో సహా ఉండాలి. ఇరవై నిమిషాల ప్రసంగం సాయంత్రానికి మరిచిపోతారు, ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్తారు. చివర్లో ఎవరో ఒకాయన లేచి "ఇది ప్రశ్న కాదు గానీ" అంటూ తన సిద్ధాంతం మొదలుపెడతాడు, ఆయన లేని సదస్సు ఉండదు. ఓపిగ్గా విను.

అసలు స్నేహాలు నీ ఈడువాళ్ళలో వెతుక్కో. రేపు జర్నళ్ళు నడిపేది, నీ పుస్తకం రివ్యూ చేసేది వాళ్ళే. వారానికొకసారి ఆన్‌లైన్‌లో కలిసి చదువుకునే గుంపు ఒకటి కుదిరితే వదలకు. గంటకు రెండు పంక్తులే నడిచినా సరే. ఎవరైనా ఇంకా అచ్చుకాని ప్రతి ఫొటోలు నమ్మి నీ చేతికిస్తే, వాళ్ళని అడక్కుండా మూడో మనిషికి పంపొద్దు. ఒక పాఠం ఎవరైనా సరిచేస్తే ఫుట్‌నోట్‌లో వాళ్ళ పేరు పెట్టు, పీహెచ్‌డీ విద్యార్థి అయినా సరే. ఈ విషయంలో పిసినారితనం చూపించే పెద్దలు ఉన్నారు. మాటల్లో ఎవరూ అనరు గానీ అందరికీ గుర్తుంటుంది.

హ్యాండౌట్ డ్రాఫ్ట్ ఈ వారంలో పంపు. సంస్కృతం వరుస నేను చూస్తాను. టిబెటన్ నాకు రాదని నీకు తెలుసుగా, దానికి ఇంకెవరినైనా పట్టుకో.

నాన్న