మైసూరు ప్యాలెస్‌లో మా పాపను ఓదార్చిన అమ్మగారికి

అమ్మా, 1897లో పాత చెక్క రాజభవనం కాలిపోయాక కట్టడం మొదలై 1912లో పూర్తయిన మైసూరు ప్యాలెస్‌ను చూడడానికి మా ఏడు నెలల పాపతో వచ్చిన నాకు, కల్యాణ మంటపంలో నెమళ్ల రంగుటద్దాల కప్పు కింద, జనం మధ్య అది గుక్కపట్టి ఏడుస్తుంటే ఏమీ తోచలేదు. అప్పుడు మీరు దగ్గరకు వచ్చి, గోడవారగా చోటు చూపి, నేను పాలిచ్చినంతసేపూ కొంగు అడ్డుగా పట్టుకొని నిలుచున్నారు. అంతటితో ఆగక, గోడల మీది దసరా ఊరేగింపు చిత్రాలను (వాటిని చూడాలన్నది నా చిన్ననాటి కోరిక) నేను నిదానంగా చూసేందుకు పాపను మీ భుజాన వేసుకున్నారు. తిరిగి వచ్చేసరికి అది ఆదమరచి నిద్రపోతోంది. బయట చెప్పులు తీసుకునే రద్దీలో మీరు మళ్లీ కనిపించలేదు. పేరైనా అడగలేకపోయిన మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.