క్లిప్పులు వేసుకున్న పిల్లలకు ఏ మౌత్‌వాష్?

సంపాదకులు గారికి,

నమస్కారం. మాది పాలకొల్లు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి నిరుడు పళ్లకు క్లిప్పులు వేయించాం. మొదట్లో వేసే సన్న వైరు నికెల్, టైటానియం కలిసిన లోహం. ఎంత వంచినా మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది, ఆ గుణంతోనే పళ్లను మెల్లగా లాగుతుంది. డాక్టరు గారు ఇదంతా ఓపిగ్గా వివరించారు. పుక్కిలించే మందు సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

క్లిప్పుల సందుల్లో మెతుకులు ఇరుక్కుంటున్నాయని పిల్ల ఇబ్బంది పడుతుంటే మందుల షాపుకెళ్లి మౌత్‌వాష్ అడిగాను. ఇచ్చింది తెచ్చాను. అది పళ్లు పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ కలిసిన మందు. పిల్ల దాన్ని రోజుకి నాలుగైదు సార్లు వాడేది. కాలేజీ నుంచి వస్తూ నిమ్మసోడా తాగడం, ఇంటికి రాగానే పుక్కిలించడం. నాలుగో నెలలో వైరు మార్చినప్పుడు డాక్టరు గారు పాత ముక్కని దూది మీద పెట్టి, భూతద్దం నా చేతికిచ్చారు. పక్కనే ఉన్న కొత్త వైరు తళతళలాడుతోంది. పాతదాని మీద ఉప్పుగాలికి కిటికీ ఊచల మీద లేచినట్టు మచ్చలు, సన్నటి గుంటలు. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. "ఒక్క మౌత్‌వాష్ వల్లే అనలేనమ్మా, పులుపూ ఫ్లోరైడూ రెండూ ఒకేసారి తగులుతున్నాయి కదా" అన్నారాయన.

ఆ తర్వాత నేను అడిగి, చదివి తెలుసుకున్నది ఇది. టైటానియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది. లోహానికి అదే రక్ష. ఫ్లోరైడ్‌కి ఆమ్లం తోడైతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తయారై ఆ పొరను కరిగిస్తుంది. పొర పోయిన చోట హైడ్రోజన్ లోపలికి దిగి వైరు పెళుసుబారుతుంది. గరుకుదేలిన వైరు బ్రాకెట్ (పంటికి అంటించే చిన్న బిళ్ల) గాడిలో సాఫీగా జారదు, లాగే బలమూ తగ్గుతుంది. స్టీలు వైర్లకి ఈ బెడద తక్కువ. ఇవి ఎక్కువగా ప్రయోగశాలలో వైర్లను ద్రావణాల్లో నానబెట్టి చూసిన ఫలితాలు. నోట్లో లాలాజలం ఉంటుంది కాబట్టి ఆ లెక్కలన్నీ ఉన్నవున్నట్టు మన పిల్లలకి వర్తించవు. టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇది చదివి ఎవరైనా ఫ్లోరైడే మానేస్తారేమోనని నా భయం. ఫ్లోరైడ్ అనగానే మనకు నల్గొండ, కనిగిరి గుర్తొస్తాయి. అక్కడి జనం పడ్డ కష్టం బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోవడం వల్ల వచ్చింది. మనం తాగేది గోదావరి కాలవ నీళ్లు, లేకపోతే టిన్ను నీళ్లు. పుక్కిలించి ఉమ్మేసేదానికీ దానికీ పోలిక లేదు. నిజానికి క్లిప్పులున్న పళ్లకే ఫ్లోరైడ్ ఎక్కువ అవసరం. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిచిపోతే నెల తిరిగేసరికే పంటి మీద తెల్ల మచ్చలు పడొచ్చు. పాడైన వైరు తీసి ఇంకోటి వేస్తారు. మచ్చ పడ్డ పన్ను అలా మార్చుకునేది కాదు.

అందుకే మా అమ్మాయి మౌత్‌వాష్ మానలేదు, మార్చింది. రోజూ వాడేది 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే ఫ్లోరైడ్ దాదాపు 225 పీపీఎం (పది లక్షల భాగాల్లో 225 భాగాలు), పులుపు గుణం లేనిది అయితే చాలన్నారు. 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకి ఒక్కసారి. ఆ తర్వాత అరగంట మంచినీళ్లు కూడా తాగకూడదు. 0.2 శాతం ఉన్న మందు వారానికొకసారి వాడేది. ఆస్పత్రిలో పూసే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ అయితే 12,300 పీపీఎం ఉంటుంది. నోట్లో టైటానియం వైరు ఉన్నప్పుడు అది పూయించుకునే ముందు క్లిప్పులు వేసిన డాక్టరుని అడగడం మంచిది.

ఈ తేడాలు కొనేవాళ్లకి ఎలా తెలుస్తాయి? అసలు ఫ్లోరైడ్ లేని మౌత్‌వాష్‌లూ అదే అరలో ఉంటాయి. నేను కొన్న మౌత్‌వాష్ సీసా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, అదీ ఇంగ్లిష్‌లో. ఆమ్లగుణం ఎంతో ఎక్కడా లేదు. ఫ్లోరైడ్ ఎంత, ఆమ్లగుణం ఎంత, రోజుకి ఎన్నిసార్లు అనేది తెలుగులో అచ్చువేయించేలా ప్రభుత్వం చూడాలి. క్లిప్పులు వేసే డాక్టర్లు ఏ లోహం వైరు వేశారో, దానికి ఏ మౌత్‌వాష్ వాడాలో చిన్న చీటీ మీద రాసివ్వాలి. భీమవరం, రాజమహేంద్రవరంలో దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడి డాక్టర్లు స్కూళ్లకి వచ్చినప్పుడు బ్రష్ పట్టుకోవడంతో పాటు ఈ సంగతీ పిల్లలకు చెబితే బాగుంటుంది. మీ పత్రిక జిల్లా పేజీలో వాళ్లచేత ఒక వ్యాసం రాయించమని నా మనవి.

ఇట్లు,
ఒక తల్లి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా