తంపర దాకా వస్తే ఇల్లు పాతిక కిలోమీటర్లు లేదు

బ్రహ్మపురం,
గురువారం

చి. జ్యోతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు నొప్పి కాస్త తగ్గింది. నువ్వు ఫోను చేసి పన్నెండు రోజులైంది. పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాం.

నిన్న ఇచ్ఛాపురం నుంచి పిన్ని ఫోను చేసింది. ఆదివారం మీరు పదిమంది రెండు కార్లలో తంపర చెరువుకీ, ఆ ఇసుక దిబ్బలకీ, అట్నుంచి చిలిక సరస్సు ఒడ్డునున్న రంభకీ వస్తున్నారని బుజ్జిగాడు చెప్పాడట. తప్పకుండా చూడాల్సిన చోటే. వైజాగ్ నుంచి ఇక్కడికే 260 కిలోమీటర్లు. నాలుక్కి బయల్దేరినా తొమ్మిదవుతుంది. బండి ఎవరు నడుపుతున్నారు? రెండు గంటలకోసారి చెయ్యి మారండి. శనివారం రాత్రి నిద్రపోనివాళ్లకి స్టీరింగు ఇవ్వొద్దు.

దిబ్బల మీద చెప్పుల్లేకుండా తిరగకు. రావణ మీసం గడ్డి కొసలు సూదుల్లా దిగుతాయి. మొగలి పొదలకి దూరంగా ఉండు. ఆ ఆకు అంచుకి ముళ్లన్నీ కొసవైపు వంగి ఉంటాయి, పట్టుకున్న బట్ట వెనక్కి లాగితే చిరుగుతుంది. బాలబండి తీగని పీకకండి, దిబ్బని పట్టి ఉంచేది అదే. ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే మురికి అనుకునేరు. అది ఇల్మెనైటు అనే ఖనిజం. బరువు గనక, తేలిక ఇసుక గాలికి ఎగిరిపోయాక అది మిగులుతుంది.

కారుని మాత్రం తారురోడ్డు దిగనివ్వొద్దు. కిందటేడు కనుమనాడు చిన్నబావ సంగతి గుర్తుందిగా? ఆర్యపల్లి దగ్గర సరుగుడు తోటలో ఎండాకు పరుచుకుని నేల గట్టిగా కనిపించిందని దింపాడు. ఆకు కింద అంతా పొడి ఇసుకే. చక్రం జారగానే ఇంకా తొక్కాడు. తొక్కినకొద్దీ గొయ్యి తీసుకుని దిగి, చివరికి బండి పొట్ట ఇసుక మీద కూర్చుంది. అప్పుడిక చక్రాల మీద బరువు ఆనదు, ఎందరు తోసినా కదలదు. నలుగురూ గంటన్నర తోశారు. చేపల వేట నుంచి వస్తున్న వాడబలిజ పెద్దాయన చూసి ముందు ఇంజిను ఆపించాడు. పొట్ట కింద ఇసుక చేతుల్తో తోడించాడు. టైర్లలో 32 ఉన్న గాలి 18కి దింపించి, చక్రాల ముందు కొబ్బరిమట్టలూ కారు మ్యాట్లూ వేయించాడు. స్టీరింగు తిన్నగా పట్టుకుని రెండో గేరులో మెల్లగా రమ్మన్నాడు. ఎక్కడా ఆగకుండా రోడ్డెక్కింది. ఆ తగ్గిన గాలితోనే హైవే మీద పరుగెత్తితే టైరు కాగి పగులుతుంది. అందుకని గాలిపంపు, గేజీ, చిన్న పార డిక్కీలో పెట్టుకోండి. పదిమందిలో ఒక్కరికైనా ఈ పద్ధతి తెలియాలి, ఈ ఉత్తరం వాళ్లకీ చదివి వినిపించు.

రంభలో పడవెక్కేది ఉంటే పొద్దున్నే ఎక్కండి, మధ్యాహ్నం గాలి లేస్తే అల పెరుగుతుంది. లైఫ్ జాకెట్టు బకిల్సు పెట్టుకున్నాకే ఎక్కు. భోజనంలో పీత తినండి. 2000లో చిలికకి సముద్రంలోకి కొత్త మొగ తవ్వాక రొయ్య, పీత మళ్లీ బాగా పడుతున్నాయి. కొనేటప్పుడు పొట్టవైపు చిప్ప బొటనవేలితో నొక్కి చూడు. గట్టిగా ఉంటే కండ ఉన్నట్టు, లొత్తపడితే ఈమధ్యే చిప్ప విడిచింది, లోపల నీళ్లే. చచ్చినది వద్దు. బతికున్నవాటిని తడి గోనెలో చుట్టి నీడన పెట్టు. డిక్కీలో ఎండకి ఉడికిపోతాయి.

చీకటిపడ్డాక లారీల మధ్య వెనక్కి నడపొద్దు. మేడ మీద గది ఖాళీగానే ఉంది, అమ్మ దుప్పట్లు ఉతికి ఆరేసింది. మీరు రారేమోనని రెండుసార్లు అడిగింది, నేనేం చెప్పలేదు.

పొద్దున తంపరకి పోయేముందు ఇంట్లో టిఫిను తిని వెళ్లొచ్చు. పదిమందికి ఇడ్లీ అంటే అరకిలో మినప్పప్పు, కిలో రవ్వ. పప్పు శనివారం మధ్యాహ్నానికి నానెయ్యాలి, సాయంత్రం రుబ్బితేనే తెల్లారేసరికి పిండి పులుస్తుంది. కనక శనివారం పన్నెండు గంటల లోపు ఫోను చెయ్యి.

మీ నాన్న